ఎనిమిది తెరల్లో వనజాక్షి

మైపాడులో పుట్టి సముద్రం పడనివాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. పడవ ఒడ్డు వదిలి నాలుగు అలలు ఎక్కి దిగేసరికి కడుపులో ఉన్నదంతా నీళ్ళపాలు చేసేవాణ్ణి. మా నాయన మూడేళ్ళు ఓపిక పట్టి, "వీణ్ణి తీసుకపోతే చేపలకు మేతే గానీ మనకు చేపలు రావు" అని వల నా చేతిలోంచి లాక్కున్నాడు. అట్లా గట్టున పడ్డాను. నెల్లూరులో ఆరునెలలు కంప్యూటర్ నేర్చుకుని వచ్చి, ఇంటి ముందుగదిలో ఫ్లెక్సీలు డిజైన్ చేసే పని పెట్టుకున్నాను. ఇప్పటికి పదిహేనేళ్ళు. నా పేరు గంగాధరం. ఉత్త గంగాధరమంటే ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఫ్లెక్సీ గంగాధరం అనాలి.

నా పని ఏమిటో ముందే చెప్పాలి, ఎందుకంటే తప్పంతా అందులోనే జరిగింది. పుట్టినరోజు, కొత్త పడవ, గంగమ్మ జాతర, చావు, ఏదైనా సరే, మావైపు ఫ్లెక్సీ కట్టకపోతే అది జరిగినట్టే కాదు. ఫోటో తెచ్చిస్తారు. నేను చుట్టూ పూలు, పేర్లు, పైన దేవుడు పెట్టి నెల్లూరులో ప్రెస్సుకు పంపుతాను. ఫోటో తెచ్చిన ప్రతివాడూ లేవబోతూ గొంతు తగ్గించి ఒక మాట అంటాడు. "అన్నా, కొంచెం కలర్ తియ్." పుట్టినప్పటినుంచీ ఎండకూ ఉప్పునీళ్ళకూ మాడిన మొహాలవి. వాటిని తెల్లగా చేయడమే అసలు పని, పూలూ దేవుడూ ఊరికే.

ఒకసారి మస్తానయ్య అనే పడవ యజమాని బస్టాండులో తన ఫ్లెక్సీ కిందే నిలబడి, "పేరు నాదే, ఈడెవుడు?" అన్నాడు. నువ్వేనయ్యా అని పక్కనున్నవాళ్ళు చెబితే కాసేపు తేరిపార చూసుకుని, మీసం దువ్వుకుని, "అయితే ఇంకో రెండు ఎయ్యమను" అన్నాడట. మా ఊళ్ళో తెల్లవాళ్ళంతా ఫ్లెక్సీల మీదే కాపురం ఉంటారు.

ఒక్కో మొహానికీ విడిగా ఆ పని చేస్తూ కూర్చుంటే పొద్దు చాలదు. అందుకని దాన్నంతా కీబోర్డులో ఒక మీటకు అప్పగించాను. అది నొక్కితే నలుపు తగ్గుతుంది, మచ్చలు పోతాయి, ముడతలు పోతాయి. వంద ఫోటోలున్న ఫోల్డర్ చూపిస్తే వందకూ వరసగా అదే చేసుకుపోతుంది. నేను లేచి టీ తాగి వచ్చేలోపు వందమంది తెల్లబడి ఉంటారు.

వనజాక్షి నా భార్య. వాళ్ళది తోటపల్లి గూడూరు దగ్గర పల్లె. వనజ నలుపు. మర్యాదకు చామనఛాయ అంటారే, అది కాదు. నిజం నలుపు. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు ఉండేది, చిన్నప్పుడు ఆలిచిప్ప కోసుకుందట. నవ్వొస్తే ఆపుకోలేక గోడవైపు తిరిగి నవ్వేది. పెళ్ళిచూపులు చూసి వస్తూ ఆటోలోనే మా అమ్మ మాలకొండమ్మ అనేసింది, "పిల్ల బాగుండాది గానీ, రంగే లేదు" అని. మా అమ్మేమీ దొరసాని కాదు, వనజకంటే ఇంకో వంతు నలుపు. అయినా అత్త అయ్యేసరికి ఆ అధికారం ఎక్కడినుంచో వస్తుంది. పెళ్ళయ్యాక కూడా చీర కొన్నా, పూలు పెట్టినా, "నీ రంగుకు అది నప్పుతాదా" అనేది. వనజ పలికేది కాదు. నేనూ పలికేవాణ్ణి కాదు. ఆడవాళ్ళ మధ్య మనకెందుకులే అనుకున్నాను. అది నా మంచితనం అనుకున్నాను కూడా.

మా పెళ్ళయిన మూడో ఏడు, పెళ్ళిరోజుకు ఆమెకు ఏదైనా చేయాలనిపించింది. చీరలు, సొమ్ములు అందరూ ఇస్తారు. మనకొచ్చిన విద్య ఏదో అది ఇద్దామనుకున్నాను. పెళ్ళి ఫోటోలనుంచి రోజా కడుపులో ఉన్నప్పుడు తీసినవాటిదాకా మొత్తం మూడువందల పన్నెండు. ఆ ఫోల్డర్‌ను ఆ మీటకు చూపించాను. డిస్కులో చోటు తక్కువని పాతవాటి మీదే సేవ్ చేసేశాను. కెమెరా కార్డులు ఎప్పుడో తుడిచేసి ఉన్నాయి, ఆల్బమ్ వేయించనే లేదు. టీ తాగి వచ్చేసరికి అయిపోయింది.

వంటింట్లోంచి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్కటే చూపించాను. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ చివరిదాకా చూసింది. మధ్యలో నవ్వుతుందని నేను ఆమె మొహమే చూస్తున్నాను. నవ్వలేదు. అన్నీ అయ్యాక "బాగుండాయి" అంది. "పొయ్యి మీద చారు పొంగుతుండాది" అని లేచి వెళ్ళింది. చారు వాసన అప్పటికి ఇంకా రానేలేదు.

ఆ రోజునుంచి వనజ నా కెమెరా ముందు నిలబడలేదు. దెబ్బలాడలేదు, అలగలేదు. కెమెరా తీస్తే "బిడ్డను తియ్" అని పక్కకు జరిగేది. మరీ బలవంతపెడితే కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. సిగ్గు అనుకున్నాను. ఆమె ఫోన్‌లో ఆమెది ఒక్క ఫోటో లేదు, అన్నీ రోజావే. వాళ్ళ పుట్టింట్లో ఉన్న ఒక్క ఫోటోను ఉప్పుగాలి తినేసింది. ఇక ఆధార్ కార్డు సంగతంటారా, అందులో ఉన్న మనిషిని కన్నతల్లి కూడా గుర్తుపట్టదు.

పోయిన కార్తీకంలో వనజకు డెంగీ వచ్చింది. రెండురోజులు మామూలు జ్వరమేనని ఇంట్లోనే ఉంచాం. మూడోరోజు నెల్లూరు తీసుకెళ్ళాం. ఐదోరోజు పొద్దున్నే ఆమెను అంబులెన్సులో ఇంటికి తెచ్చాం. రోజాకు అప్పటికి నాలుగేళ్ళు దాటాయంతే.

గోడకు పెట్టే ఫోటో నేనే చేయాలి. ఊళ్ళో చచ్చిపోయిన ప్రతివాడికీ చేశాను, నా ఇంట్లో మనిషికి ఇంకొకణ్ణి పిలవను కదా. ఫోల్డర్ తెరిచాను. మూడువందల పన్నెండు ఫోటోల్లో ఎవరో తెల్లటి మనిషి, గాటు లేదు, మొహమంతా మైనం పూసినట్టు నున్నగా ఉంది. రంగు వెనక్కి తిప్పుదామని ఒక పూటంతా కూర్చున్నాను. తగ్గించేకొద్దీ మసి పూసినట్టు అయింది తప్ప మనిషి రాలేదు. పైగా ఎంత తగ్గించాలి? పదిహేనేళ్ళుగా రంగుల్ని అంకెల్లో చూస్తున్నవాణ్ణి, ఏ ఎరుపు ఎంతో, ఏ పసుపు ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నా భార్య రంగు ఎంతో నాకు గుర్తులేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ పూట తెలిసింది. చివరికి మా అమ్మ వచ్చి ఉన్నవాటిలోనే ఒకటి చూపించి, "ఇది పెట్టు. లక్ష్మీదేవి మాదిరుండాది" అంది. అదే ఫ్రేము కట్టించాం.

అయితే ఒక వింత జరిగింది. నా మానిటర్ పాతది, పదిహేడు అంగుళాల చదరం. పన్నెండేళ్ళు ఉప్పుగాలి తిని దాని లోపలి లైటు మసకబారి పసుపెక్కింది. ప్రెస్సువాడు ఫోన్ చేసి తిట్టేవాడు, "అన్నా, నీకు నల్లగా కనబడుతుండాది గానీ, నువ్వు పంపేది మనుషుల్ని కాదు, సున్నం కొట్టిన గోడల్ని" అని. మార్చెయ్ మార్చెయ్ అని పోరేవాడు. వనజ పోయాక ఆ మసక ఇంకా ముదిరింది. ఆ మసకలోనే ఒకరోజు మధ్యాహ్నం వనజ ఫోటోలు తిప్పుతుంటే, రోజా కడుపులో ఉన్నప్పుడు పెరట్లో తీసిన ఫోటో ఒకటి వచ్చింది. అది వనజ. గాటు లేదు, కానీ ఆ రంగు ఆమెదే. నేను తుడిచేసినదాన్ని ఆ పాత మానిటర్ తన జబ్బుతో తిరిగి ఇచ్చింది.

ఇక ఆ మానిటర్ మార్చనేలేదు. పని చెడినా మార్చలేదు. రోజా బడికి వెళ్ళాక, చేతిలో పని ఉన్నా లేకపోయినా, ఆ ఫోటో కాసేపు తెరిచి పెట్టుకునేవాణ్ణి. ఏడవడానికి కాదు. ఊరికే, ఇంట్లో మనిషి ఉన్నట్టుండేది. రోజా కాస్త పెద్దయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని చూపిద్దామనుకున్నాను.

మొన్న వానల్లో అది చిటుక్కుమని ఆరిపోయింది. బాగుచేసేవాడు విప్పి చూసి, లోపలంతా తుప్పేనన్నాడు, ఆ రకం లైటు ఇప్పుడు రాదన్నాడు. సరిగ్గా ఆ వారమే రోజా బడినుంచి ఒక బొమ్మ తెచ్చింది. ఒకటో తరగతి వాళ్ళను పుష్పకుమారి టీచర్ 'మా ఇల్లు' అని బొమ్మ వేయమందట. ఇల్లు, వెనక సముద్రం, జేజి అంటే మా అమ్మ, నేను, రోజా, వనజ. మా అందరికీ చక్కగా గోధుమరంగు పెన్సిల్ రుద్దింది. ఒక్క వాళ్ళమ్మ బొమ్మ మాత్రం ఉత్త కాగితం.

"అమ్మకు రంగెయ్యడం మర్చిపోయినావా తల్లీ?"

"మర్చిపోలా. అమ్మ తెలుపు కదా నాన్నా." గోడమీద ఫోటో చూపించింది. "జేజి చెప్పింది. అమ్మ దొరసాని మాదిరుండేదంట. నాకే రాలేదంట ఆ రంగు."

కోపం నషాళానికి అంటింది. పెరట్లో చేపలు తోముతున్న మా అమ్మ దగ్గరికి వెళ్ళాను.

"బిడ్డకు ఎందుకమ్మా ఆ మాటలన్నీ?"

"తల్లి లేని బిడ్డరా. తల్లి బాగుండేదని చెప్తే నీకేం పోతాది?"

"బతికున్నన్నాళ్ళూ రంగు లేదు రంగు లేదని దాన్ని సాధించినావు. ఇప్పుడు దొరసాని అయిపోయిందా?"

మా అమ్మ చేతులు ఆగాయి. తల ఎత్తలేదు. "అన్నాన్లేరా. అన్న మాట ఇప్పుడు ఎనక్కి తీసుకుంటుండా. వద్దంటావా?"

ఆ మాటకు నా కోపం సగం చచ్చింది. మిగతా సగం ఆమె మీదిది కాదు. మా అమ్మ నోటితో అన్నది, నోటితోనే వెనక్కి తీసుకుంటోంది. నేను చేసినదాన్ని ఏంపెట్టి వెనక్కి తీసుకోవాలి? ఇంకో ఏడాది పోతే రోజాకు అమ్మంటే ఆ గోడమీది మైనపు బొమ్మే. అసలు అమ్మ ఒకసారి చచ్చిపోయింది చాలదన్నట్టు, బిడ్డ తలలోంచి కూడా పోతుంది. ఆ పాత మానిటర్ లాగా చూపించేది ఇంకొకటి దొరికితే, దాని ముందు కూర్చోబెట్టి, ఇదిగో మీ అమ్మ అని చెప్పాలి. అంతకంటే నాకు ఆ మానిటర్‌తో వేరే పని లేదు.

రెండో శనివారం బడి లేదు. పెన్‌డ్రైవ్‌లో ఆ పెరటి ఫోటో వేసుకుని, రోజాను వెంటబెట్టుకుని నెల్లూరు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఫ్లెక్సీలు లెక్కబెట్టింది. "ఇది నువ్వు చేసిందేనా?" అని ప్రతిదానికీ అడిగింది. కొన్ని నావే.

ట్రంకురోడ్డులో ఒక కంప్యూటర్ షాపుకు వెళ్ళాం. అమ్మే మనిషి పేరు టైటస్, నలభై దాటి ఉంటాయి, ఓపికైన మనిషి. గోడకు రెండు వరసల్లో ఎనిమిది మానిటర్లు బిగించి ఉన్నాయి. అన్నింట్లోనూ ఒకే పూలతోట.

"ఇంటికా అన్నా, ఆఫీసుకా? గేములా, డిజైనింగా?"

"డిజైనింగే. కానీ నాకు కొంచెం మసగ్గా ఉండేది కావాల."

టైటస్ నావైపు చూశాడు. చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయా అని తనను తాను అనుమానించినట్టున్నాడు. "మసగ్గానా?"

"మసగ్గా, కొంచెం పసుపుగా. పాతబడిన మానిటర్ ఉంటాదే, అట్టా."

"పాతబడిన మానిటర్ కొత్తగా యాడ దొరుకుతాదన్నా?" అని నవ్వి, నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. పై వరసలో ఇరవైనాలుగు అంగుళాలది చూపించాడు. ఎటునుంచి చూసినా రంగు మారదట, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుందట, నాలాంటి పనివాళ్ళంతా అదే తీసుకుంటున్నారట. దాని పక్కది అద్దంలా మెరిసేది, సినిమాలకు బాగుంటుందట. కింది వరస చివర ఉన్నది అన్నిటికంటే చౌక. "అది బిల్లులు కొట్టుకునే కౌంటర్లకన్నా. మీకు పనికిరాదు" అన్నాడు.

నేను పెన్‌డ్రైవ్ ఇచ్చాను. "ఇందులో ఒక ఫోటో ఉండాది. అన్నిట్లో చూపించండి. చూసి చెప్తా."

పూలతోట పోయింది. గోడ నిండా వనజ వచ్చింది. ఎనిమిది చోట్ల అదే పెరడు, అదే ఎత్తు కడుపు, అదే కొంగు. ఎనిమిది రంగులు. ఒకదాంట్లో పాలు పోసినట్టుంది, ఒకదాంట్లో గులాబీ, ఒకదాంట్లో నీలం కొడుతోంది, ఒకదాంట్లో పసుపు రాసుకున్నట్టుంది. ఎనిమిదిమందిలో ఒక్కతె కూడా వనజ కాదు. షాపులో ఇంకెవరో వచ్చి వెళుతున్నారు. నా భార్యను అట్లా గోడకు పెట్టి, ఏది బాగుందో చూస్తూ నిలబడ్డందుకు నాకు ఒళ్ళంతా సిగ్గేసింది.

టైటస్ ఒక్కో మానిటర్ మీట నొక్కుతూ వెలుగు తగ్గించాడు, రంగు వేడి అన్నాడు, చలువ అన్నాడు, ఏవేవో మార్చాడు. "ఇట్టానా అన్నా? ఇట్టానా?" నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. తగ్గించేకొద్దీ మళ్ళీ ఆ మసే వస్తోంది. చివరికి అతను చెయ్యి దించేశాడు.

"అన్నా, ఏమనుకోమాకండి. స్క్రీను ఫోటోలో ఉండేదే చూపిస్తాది. అందులో లేంది యాడనించి తెస్తాది?"

నాకు తెలియదా ఆ ముక్క? తెలుసు కాబట్టే కోపమొచ్చింది. "నాకు చెప్పమాక, పదిహేనేళ్ళుగా అదే పని చేస్తుండా" అని కసిరాను. పాపం అతను పక్కకు జరిగి చోటిచ్చాడు. ఫోటోలో ఉన్నది ఎవరని కూడా అడగలేదు. రోజా పక్కన ఉంది కదా, తెలిసిపోయి ఉంటుంది.

రోజా అప్పటిదాకా నోరు తెరుచుకుని చూస్తోంది. ఉన్నట్టుండి పై వరసలో అన్నిటికంటే తెల్లగా ఉన్నదాన్ని చూపించి గట్టిగా అంది. "నాన్నా, అమ్మ అదే! ఇంట్లో ఉండే అమ్మ అదే!"

"అది కాదు."

"అదే నాన్నా. మిగతాయి అమ్మ కాదు."

"కాదని చెప్తుంటే నీక్కాదూ!" అని అరిచాను. షాపంతా మావైపు తిరిగింది. బిడ్డ బెదిరింది. రెండడుగులు వెనక్కి వేయబోయి, చెప్పు బకిల్ ఊడిపోయి తూలింది. కింది వరస దగ్గర నేలమీద కూలబడింది.

నాకు నా మీద అసహ్యం వేసింది. దగ్గరికి వెళ్ళి గొంతుకూర్చుని చెప్పు పెట్టబోయాను. తల్లి పోయిన బిడ్డను, తల్లి ఎవరో తెలియదని అరిచాను. తెలియకుండా చేసింది ఎవరు? బకిల్ పట్టడంలేదు, కళ్ళు మసకలు. కన్నీళ్ళు బిడ్డకు కనబడకూడదని తల పైకెత్తాను.

కింది వరస చివరి మానిటర్‌లో వనజ ఉంది.

ఆ చౌకరకం సంగతి నాకు తెలిసిందే. ఎదురుగా చూస్తే ఒక రంగు, పైనుంచి చూస్తే తెల్లగా వెలిసిపోతుంది, కిందినుంచి చూస్తే నల్లబడుతుంది. దాని లోపమే అది, అందుకే నాలాంటివాళ్ళెవరూ కొనరు. నేలమీద గొంతుకూర్చుని, కూలబడిన నా బిడ్డ ఎత్తునుంచి చూస్తే, నేను పోగొట్టుకున్న రంగు అక్కడుంది. మసి కాదు. చింతగింజ లాంటి, నిగనిగలాడే నలుపు. ఎండకు కళ్ళు చిట్లించి, ఇంకాసేపట్లో గోడవైపు తిరిగి నవ్వబోయే వనజ.

"రోజా, ఇట్టా చూడు. లెయ్యమాక, ఆడే కూర్చుని చూడు. కింద చివరది."

ఇంకా వెక్కుతూనే చూసింది. చాలాసేపు చూసింది. నేను దాని మొహమే చూస్తున్నాను.

"ఎవురు నాన్నా ఈమె?"

ఏడాది అయింది వనజ పోయి. ఆ రోజు ఏడ్చినదానికంటే ఆ మాటకు ఎక్కువ ఏడుపొచ్చింది. ఆలస్యమైపోయింది. బిడ్డ దగ్గర ఒక అమ్మ ఉంది, నేను చేసి పెట్టిన అమ్మ. ఇప్పుడు ఈ అమ్మను ఇచ్చి ఆ అమ్మను లాక్కుంటే పాపం బిడ్డకు ఏదీ మిగలదేమో అని భయమేసింది. ఏమీ చెప్పకుండా చెప్పు తొడిగి, లేచి, ఆ పైదాన్నే ప్యాక్ చేయించుకుని పోదామా అనుకున్నాను. అట్లా ఎన్నిసార్లు గమ్మున ఊరుకున్నానో లెక్క లేదు. ఇంకోసారి ఊరుకోవడం చేతకాలేదు.

"మీ అమ్మే తల్లీ. మీ అమ్మ ఇట్టానే ఉండేది. తెల్లగా ఉండేది కాదు. గోడమీద ఫోటోలో నేనే తెల్లగా చేసినాను."

"నువ్వా?"

"ఊ. నేనే. అన్ని ఫోటోలూ."

రోజా మళ్ళీ తెరవైపు చూసింది. తన చెయ్యి చాపి, తిప్పి, దాన్ని చూసుకుంది. మళ్ళీ తెర చూసింది. నేను అనుకున్నట్టు ఏడవలేదు.

"అయితే అమ్మ నా మాదిరుండేదా?"

"నీ మాదిరే."

"మరెందుకు తెల్లగా చేసినావు?"

పదిహేనేళ్ళలో కొన్నివేల మొహాలు తెల్లగా చేశాను. ఎందుకని నన్ను ఒక్కరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. అందరూ అడిగారు చేశాను అందామంటే, వనజ అడగలేదు.

"నా మాదిరుంటే బాగుండదా నాన్నా?"

"బాగుంటాది తల్లీ" అన్నాను. మళ్ళీ అన్నాను. "చానా బాగుంటాది. మీ అమ్మ చానా బాగుండేది."

రోజా కళ్ళు తుడుచుకుని లేవబోయింది. లేస్తే తెరలో అమ్మ తెల్లబడుతోంది, కూర్చుంటే నల్లబడుతోంది. రెండుమూడుసార్లు లేచి కూర్చుని, ఆ కిటుకు కనిపెట్టినందుకు కాస్త నవ్వింది. "ఇదే కొందాం నాన్నా. ఇంట్లో కింద కూర్చుని చూసుకుందాం" అంది.

టైటస్ దగ్గరికి వచ్చాడు. "అన్నా, మీ పనికి ఇది వద్దు. రంగంతా తప్పు చూపిస్తాది."

"తెలుసు టైటస్ గారూ. ప్యాక్ చెయ్యండి. ఇందాక కసిరినా, ఏమనుకోమాకండి."

అతను లోపలికి వెళ్ళి పెట్టె తెచ్చాడు. నేను ఇంకా నేలమీదే ఉన్నాను, బకిల్ ఎట్టకేలకు పట్టింది. రోజా నా భుజం మీద చెయ్యి వేసి ఏదో ఆలోచిస్తోంది. మాట మనసులో తిరుగుతున్నప్పుడు వాళ్ళమ్మ లాగే కింది పెదవి కొరుక్కుంటుంది.

"నాన్నా, అమ్మతో చెప్పినావా?"

"ఏమని తల్లీ?"

"బాగుండావని."

టైటస్ పెట్టె తెరిచి పట్టుకుని, మానిటర్ ఆపేయమంటారా అన్నట్టు నావైపు చూస్తున్నాడు.

"లేదు తల్లీ" అన్నాను. "చెప్పలేదు."